మూడు కళ్లు ఒకేసారి చూస్తేనే.. సిగ్నస్ ఎక్స్-1 గుట్టు రట్టు!

తిరుపతి: శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే చాలు, చూసేందుకు జనం తరలివస్తారు. రాకెట్ కనుమరుగైతే సందడి ముగుస్తుంది. ఉపగ్రహం అసలు పని మాత్రం అప్పుడే మొదలవుతుంది.

2015 సెప్టెంబర్ 28న ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్.. రెండూ ఇక్కడి నుంచే నింగికెగిశాయి. ఈ రెండూ గమనించదగ్గ వాటిలో ముఖ్యమైనది సిగ్నస్ ఎక్స్-1. ఇదో జంట. ఒకటి భారీ నక్షత్రం, రెండోది సూర్యుడి కంటే దాదాపు 21 రెట్లు బరువైన బ్లాక్ హోల్. దూరం సుమారు 7,200 కాంతి సంవత్సరాలు. 5.6 రోజులకోసారి ఒక చుట్టు పూర్తవుతుంది.

నక్షత్రం నుంచి వచ్చే వాయువును బ్లాక్ హోల్ లాగేసుకుంటుంది. అందులో కొంత లోపల పడకుండా జెట్లుగా బయటికి దూసుకొస్తుంది. మరి దాన్ని తోసేదేంటి? శాస్త్రవేత్తల అనుమానం అయస్కాంత క్షేత్రం మీదే. అది నేరుగా కనిపించదు. కానీ ఆ క్షేత్రంలో మెలికలు తిరిగే ఎలక్ట్రాన్లు వెదజల్లే కాంతి ఎక్కువగా ఒకే దిశలో ఊగుతుంది. అదే పోలరైజేషన్. ఊగే దిశ దొరికితే క్షేత్రం ఎటుందో అంచనా వేయొచ్చు.

జెట్లలో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు నక్షత్రపు కాంతిని ఢీకొంటే, ఆ కాంతే గామా కిరణంగా మారుతుంది. చైనాలోని లాసో కేంద్రం ఇక్కడి నుంచి గామా కిరణాలను పట్టుకుంది. మన దగ్గర ఆ పనికి లడఖ్‌లోని హాన్లేలో మేస్ టెలిస్కోప్ ఉంది. అద్దం వెడల్పు 21 మీటర్లు. బార్క్‌తో కలిసి దాన్ని కట్టింది హైదరాబాద్ ఈసీఐఎల్.

చిక్కల్లా ఇక్కడే. సిగ్నస్ ఎక్స్-1 ఎప్పుడూ ఒకేలా ఉండదు. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల పైన ఆస్ట్రోశాట్‌కు బలమైన పోలరైజేషన్ దొరికింది ఒక ప్రత్యేక దశలోనే. అంటే తక్కువ శక్తి ఎక్స్-కిరణాలను ఎక్స్‌పోశాట్, ఎక్కువ శక్తివాటిని ఆస్ట్రోశాట్, గామా కిరణాలను మేస్ ఒకే సమయంలో చూడాలి. వేర్వేరు రోజుల లెక్కలు కలిపితే వేర్వేరు దశలను కలిపినట్టే.

ఐదేళ్ల కోసం తయారైన ఆస్ట్రోశాట్ 2025 సెప్టెంబర్‌లో పదేళ్లు పూర్తి చేసుకుంది. ఎక్స్‌పోశాట్ ఆయుష్షూ ఐదేళ్లే అని ముందే లెక్కగట్టారు. పెద్ద కన్ను అంటారా.. కిందటి 2024 అక్టోబర్‌లోనే ప్రారంభమైంది. మూడూ కలిసి పనిచేసే అవకాశం కొద్ది కాలమే. ఆలోగా ఉమ్మడి పరిశీలనలు జరగకపోతే, మళ్లీ శ్రీహరికోట నుంచి కొత్త ఉపగ్రహం లేచేదాకా ఆగాల్సిందే!