దాచుకున్నవాడల్లా దొంగ కాదు

వెబ్‌సైటు పెట్టినవాడు తన ఇంటి చిరునామా దాచుకున్నాడంటే ఏదో తప్పుడు పని చేస్తున్నట్టేనని ఇప్పుడు చాలామంది నమ్మకం. పోలీసులు, పెద్ద బ్రాండ్ల లాయర్లే కాదు, ఒడిశాలోని మా దామంజోడి బజారులో ఆన్‌లైన్ మోసానికి డబ్బు పోగొట్టుకున్నవాళ్లూ అదే అంటారు. ప్రభుత్వ సంస్థల పేరు వాడుకుని ఉద్యోగాలిప్పిస్తామనే నకిలీ సైట్లు ఎన్ని కుటుంబాల్ని దెబ్బతీశాయో తెలుసు కాబట్టి, వాళ్ల కోపాన్ని నేను తప్పుపట్టను. కానీ అందుకు విరుగుడుగా డొమైన్ పేర్లకు ప్రైవసీ, ప్రాక్సీ సేవలనే లేకుండా చేయాలన్న వాదనను మాత్రం ఒప్పుకోను.

డొమైన్ పేరు కొనేటప్పుడు పేరు, చిరునామా, ఫోను నంబరు, ఈమెయిలు ఇవ్వాలి. హూయిజ్ అనే పట్టీలో వాటిని ప్రపంచంలో ఎవరైనా చూసుకునే రోజులు చాలాకాలం నడిచాయి. ప్రైవసీ సేవ తీసుకుంటే యజమాని పేరు అలాగే ఉండి, చిరునామా, ఫోను చోట ఆ సేవా సంస్థవి కనిపిస్తాయి. ప్రాక్సీలో రికార్డుల్లో యజమానే ఆ సంస్థ. 2018 మేలో ఐరోపా డేటా చట్టం అమల్లోకి వచ్చాక పట్టీలో చాలా గడులు మూతపడ్డాయి. మన .ఇన్ డొమైన్లకు వస్తే, వాటిని చూసే నిక్సీ ఈ సేవలను అసలు అనుమతించదు.

ఆ నిషేధం మోసగాళ్లను ఆపిందా? 2022లో డాబర్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. తమ పేరు పెట్టుకుని డిస్ట్రిబ్యూటర్‌షిప్ ఇస్తామంటూ జనం దగ్గర డబ్బు వసూలు చేస్తున్న సైట్ల మీద ఆ కేసు. డొమైన్లు అమ్మే రిజిస్ట్రార్లు, కొన్నవారు అడగకపోయినా వారి వివరాలు దాచేసే పద్ధతి అక్కడ పెద్ద చర్చైంది. అయితే ఆ సైట్లలో .కామ్‌తో పాటు .ఇన్‌తో ముగిసేవీ ఉన్నాయి. ప్రాక్సీ చెల్లని చోట కూడా మోసం దర్జాగా నడిచింది. మోసం చేయదలచినవాడు ప్రాక్సీకి డబ్బు కట్టక్కర్లేదు, ఎవరిదో చిరునామా రాసేస్తాడు. ఉన్నదున్నట్టు రాసే మనిషే చిక్కుతాడు.

ఆ మనిషి ఎవరో మా ఊళ్లో వెతకండి. మథల్‌పుట్‌లో అద్దె ఇంట్లో పచ్చళ్లు పట్టి ఆన్‌లైన్లో అమ్ముకునే ఒంటరి ఆడమనిషి ఉందనుకోండి. ఆమెకు వేరే ఆఫీసు లేదు, ఇల్లే దుకాణం. విశాఖలో అయితే ఒక చిరునామా లక్షల ఇళ్ల మధ్య కలిసిపోతుంది. ఇక్కడ వీధి పేరు చెబితే చాలు, ఆటోవాడు గుమ్మం ముందు దింపుతాడు. ఇక్కడి పంచపట్‌మాలి బాక్సైట్ గనుల వల్ల, అల్యూమినా శుద్ధి కర్మాగారం వల్ల భూమి పోయిన కుటుంబంలోని కుర్రాడు నష్టపరిహారం కాగితాలన్నీ ఒక సైట్లో పెట్టాలనుకున్నా ఇదే పరిస్థితి. అతను రాసేది పదిమంది చదవాల్సిందే. అతని తల్లి పడుకునే ఇల్లెక్కడో మాత్రం వాళ్లకెందుకు?

ఇక్కడ ఒక మంచి ప్రశ్న వినిపిస్తుంది. 2013లో నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకాలు వద్దని రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభల్లో డోంగ్రియా కోంధు ఆదివాసులు, తక్కినవాళ్లు బహిరంగంగానే చెప్పారు కదా, మీకెందుకు ముసుగు అని. వాళ్ల ధైర్యానికి దండం పెడతాను. కానీ ఆ సభలు సుప్రీంకోర్టు ఆదేశంతో, జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట జరిగాయి. పక్కన ఊరు ఊరంతా ఉంది. రాత్రిపూట ఒక్కడే కూర్చుని సైటు నడిపేవాడికి ఆ జడ్జీ లేడు, ఆ ఊరూ లేదు. పైగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చేసింది. ధైర్యం ఉన్నవాళ్లకే ఆ హక్కని అందులో లేదు.

అలాగని ప్రాక్సీ సంస్థల్ని ఇష్టారాజ్యంగా వదిలేయమనే మా పక్షంవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఫిర్యాదు చేస్తే జవాబివ్వని, తన కస్టమరు ఎవరో తనకే తెలియని సంస్థ మోసగాడికి అండే. అందుకే వాటికి గుర్తింపు ఇచ్చి, నియమాలకు కట్టుబడేలా చేయాలి. ఈ పని చేస్తామని, ప్రపంచంలో డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2013లోనే మొదలుపెట్టింది. రిజిస్ట్రార్ల ఒప్పందంలో అప్పుడు తాత్కాలికమని పెట్టిన నిబంధనల్నే ఏళ్ల తరబడి పొడిగిస్తూ వచ్చారు. 2015లో కార్యబృందం ముసాయిదా మీద 11 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. ఆన్‌లైన్లో డబ్బు లావాదేవీలు చేసే సైట్లకు ఈ సేవలు ఉండకూడదన్న ఆలోచన మీద కూడా జనానికి కోపమొచ్చింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన తుది నివేదిక దాన్ని వదిలేసింది. అది నిలిచి ఉంటే మన పచ్చళ్లావిడకు రక్షణ అప్పుడే పోయేది.

ఐకాన్ బోర్డు 2016 ఆగస్టులో ఆ సిఫార్సులకు ఒప్పుకుంది. నవంబరులో ఐకాన్ సమావేశాలు హైదరాబాద్‌లోనే జరిగాయి. మన గడప దాకా వచ్చిన ఈ సంగతి తెలుగు పత్రికల్లో చర్చగా మారి ఉండాల్సింది. ఐరోపా చట్టం వచ్చాక 2019లో అమలు ఆగింది, మళ్లీ పట్టాలెక్కడానికి 2024 దాకా పట్టింది.

2015 నాటి ఆ తుది నివేదికలో నాకు నచ్చింది వివరాలు బయటపెట్టే పద్ధతి. ట్రేడ్‌మార్కు దెబ్బతిందని అడిగేవాడు ఆధారం చూపాలి. కస్టమరుకు కబురు వెళ్లాలి, తన మాట చెప్పుకునే వీలుండాలి. ప్రాణానికి ముప్పుంటే ఇవ్వనని సంస్థ తిరస్కరించవచ్చు.

నిక్సీ కూడా ఇదే దారి పట్టాలి. గుర్తింపు పొందిన సంస్థల ద్వారా .ఇన్‌లో ప్రాక్సీకి అనుమతివ్వాలి. కస్టమరు గుర్తింపును ఆ సంస్థ సరిచూసి, తన దగ్గర భద్రపరచాలి. నకిలీ ఉద్యోగాల సైటు మీద పోలీసులు ఆధారాలతో వస్తే అదే రోజు వివరాలివ్వాలి, ఇవ్వకపోతే గుర్తింపు రద్దు కావాలి. లాయరు నోటీసు ఒక్కటే చూపించి అడిగేవాడికి మాత్రం మథల్‌పుట్ ఇంటి చిరునామా దొరక్కూడదు.