పడ్డ బండిని లేపేదెవరు?

హీరో ఎక్స్‌పల్స్ 210 బైకును 2024 నవంబరులో ఇటలీలోని మిలాన్ ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. 2025 జనవరిలో ఢిల్లీలో ధర చెప్పారు. అప్పుడు ఎక్స్‌షోరూంలో 1.76 లక్షల రూపాయల నుంచి మొదలైంది. అప్పటి నుంచి తారు రోడ్డునూ మట్టి దారినీ ఒకే బండి మీద తిరగాలనుకునే కుర్రాళ్లు ఎక్కడ కలిసినా దీని మాటే.

పాత ఎక్స్‌పల్స్ 200 నడిపినవాళ్ల సంతోషమంతా ఇంజన్ గురించే. ఆ సంతోషం న్యాయమైనది. 2019లో వచ్చిన 200కి 18.4 పీఎస్ శక్తి, అయిదు గేర్లు. హైవే మీద తొంభై దాటిస్తే ఇక లాగలేకపోయేది. హైదరాబాదు నుంచి మారేడుమిల్లి వెళ్లాలంటే అడవి దారి మొదలయ్యేలోపు వందల కిలోమీటర్ల తారు రోడ్డుంది. ఆ దూరమంతా లారీల వెనక నలిగిపోవడం సరదా కాదు. కొత్తదానికి లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, 24.6 పీఎస్. సస్పెన్షన్ కదలిక కూడా పెరిగింది: ముందు 210, వెనక 205 మిల్లీమీటర్లు.

అయినా ‘పవర్ ఇంకా చాలదు’ అనేవాళ్లున్నారు. హిమాలయన్ 450కి 40 పీఎస్ ఉంది కదా అంటారు. ఉంది, దానితోపాటు 196 కిలోల బరువూ ఉంది.

210 విషయంలోనూ నన్ను కలవరపెడుతున్నది బరువే. 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది. 150 సీసీ, 134 కిలోలు. బాగుంది గానీ లాగదన్నారు, ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత వచ్చిన ఎక్స్‌పల్స్ 200 బరువు 154 కిలోలు. ఇప్పుడు 210కి 168. శక్తి కావాలని మనం అడిగిన ప్రతిసారీ కంపెనీ ఇచ్చింది, దాంతోపాటే బరువూ పెంచింది. ఆ రెండో మాట పట్టించుకున్నవాళ్లు తక్కువ.

షోరూంలో స్టాండు మీదున్న బండి బరువు తెలియదు. గులకరాళ్ల వాగులో ముందు చక్రం జారి కుడిపక్కకు పడిపోయినప్పుడు తెలుస్తుంది. ముందు సైడ్ స్టాండు బయటికి తీయాలి, మళ్లీ అటు పక్కకు పడకుండా. బండి దొర్లకుండా గేర్లో వేయాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, సీటుకు నడుం ఆనించి, రెండు చేతులతో పట్టు దొరికించుకుని కాళ్ల బలంతో వెనక్కి నెట్టాలి. బురద బూట్లు జారుతూనే ఉంటాయి. మొదటిసారి పద్నాలుగు కిలోల తేడా తెలియదు. మూడోసారి లేపేటప్పుడు మాత్రం భుజాలు చెబుతాయి. తోడెవరూ లేకపోతే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

సీటు ఎత్తు 830 మిల్లీమీటర్లు. మన దగ్గర చాలామందికి, ముఖ్యంగా అమ్మాయిలకు, రెండు కాళ్లూ నేలకానవు. అలవాటైనవాళ్లు కాస్త పక్కకు జరిగి ఒక కాలు పూర్తిగా ఆనిస్తారు. అది నేర్చుకోదగ్గ ఒడుపే గానీ, బండి బరువెక్కేకొద్దీ ఆ ఒక్క కాలి మీద పడే భారం పెరుగుతుంది. ‘కాళ్లందకపోతే ఈ బండి నీకు కాదు’ అని కొత్తవాళ్లను వెనక్కి పంపే మాట నాకు అస్సలు నచ్చదు.

ట్యూబ్‌లెస్ టైర్లు ఇవ్వలేదని మరో ఫిర్యాదు. ఊచల చక్రంలో రిమ్‌కి ఊచ బిగించిన ప్రతి చోటా గాలి పోయే సందుంటుంది, అందుకే లోపల ట్యూబు. దీని మీద నాకంత కోపం లేదు. ట్యూబుకి ప్యాచ్ వేసేవాళ్లు ప్రతి మండల కేంద్రంలో ఉంటారు. అయితే ముందున్న 21 అంగుళాల చక్రానికి సరిపడే ట్యూబు ఆ కొట్లలో దొరకడం కష్టం. అది ఒకటి సంచిలో పెట్టుకోండి. వెనక 18 అంగుళాల చక్రానికి కూడా అవసరానికి దాన్నే సర్దుకోవచ్చు.

హైవే మీద ఎక్కువ దూరాలు పోయేవాళ్లకు 210 కొనదగ్గ బండి, సందేహం లేదు. పాత 200 చేతిలో ఉండి, ఎక్కువగా మట్టిలోనే తిరిగేవాళ్లు మాత్రం తొందరపడి మార్చుకోవద్దు. ఇక కంపెనీకి చెప్పాల్సినప్పుడు ఈసారి శక్తి అడగకండి, పది కిలోలు తగ్గించమని అడగండి.