వలస పాఠం మన ఇంటి ఫొటోల్లోనే ఉంది

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంఘాలకు వలస కొత్త మాట కాదు. ఒకప్పుడు బొంబాయికి, భివండి మగ్గాలకు వెళ్లినవారి ఊళ్లనుంచే తర్వాత దుబాయ్‌కి, మస్కట్‌కి, సౌదీకి వెళ్లారు. తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు మన సండే స్కూళ్లలో చాలామందే ఉన్నారు.

అయినా ఈ పిల్లలు చూసే గల్ఫ్ ఫొటోలు ఎక్కువగా రెండే రకాలు. ఒకటి, బుర్జ్ ఖలీఫా ముందు నల్లకళ్లద్దాలతో దిగి నాన్న వాట్సాప్‌లో పంపింది. రెండోది, శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఊరు చేరిన శవపేటిక గురించి పేపరు జిల్లా పేజీలో వచ్చింది. ఈ రెంటి మధ్య గడిచిన ఏళ్లు ఎక్కడా కనపడవు. లేబర్ క్యాంపు గదిలో ఒకదానిపై ఒకటిగా మంచాలు, కఫీల్ దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టు, ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన మిత్తి అప్పు ఎవరూ ఫొటో తీయరు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మొదటి ఫొటో చూసే బయలుదేరతాడు.

ఫొటోలతో వలసను బోధించవచ్చని నూరేళ్ల క్రితమే ఒక ఉపాధ్యాయుడు చూపించాడు. న్యూయార్క్‌లో బడిపంతులుగా ఉన్న లూయిస్ హైన్ 1904 నుంచి ఎల్లిస్ దీవికి కెమెరాతో వెళ్లి, ఓడ దిగుతున్న ఇటలీ, రష్యా పేదలను ఫొటోలు తీశాడు. కొత్తగా వచ్చినవారిని తన విద్యార్థులు గౌరవంగా చూడాలన్నదే ఆ పని ఉద్దేశం.

అయితే ఫొటో అన్యాయం కూడా చేయగలదు. 1936లో కాలిఫోర్నియాలో డొరొతియా లాంగ్ తీసిన వలస తల్లి చిత్రం ప్రపంచమంతా తిరిగింది. ఆ శిబిరానికి ఆహారం వచ్చేసరికి ఆ తల్లి పిల్లలతో వేరేచోటికి వెళ్లిపోయింది. ఆమె పేరు లోకానికి తెలిసింది 1978లో. ఆ చిత్రం వల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడింది. సాయం పంచుతూ పేదల ముఖాలను ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టే మన సంఘాలు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. అనుమతి అడిగామా? పేరు తెలుసుకున్నామా? ఆ ఫొటో మన బిడ్డదైతే పెట్టేవాళ్లమా?

మన దగ్గరికి వచ్చే వలస కూడా ఉంది. పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు పనిచేస్తాయి. అడ్వాన్సు తీసుకుని పిల్లలతో సహా వచ్చి, సీజను అయ్యాక తిరిగి వెళ్తాయి. మనవాడు అక్కడ పరదేశి, వాళ్లు ఇక్కడ పరదేశులు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పరదేశులుగా ఉన్నది గుర్తుచేసి, తమ మధ్య ఉన్న పరదేశిని ప్రేమించమని ప్రభువు ఆజ్ఞాపించింది లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉంది. కరవుకు బేత్లెహేము విడిచిన నయోమి, హేరోదుకు భయపడి రాత్రివేళ ఐగుప్తుకు వెళ్లిన యోసేపు మరియలు కూడా వలసపోయినవారే.

కాబట్టి సండే స్కూల్ టీచర్లు, యూత్ నాయకులు ఒక పని చేయవచ్చు. సెలవు మీద వచ్చిన అన్నలను, బాబాయిలను పిలిచి, వారు ఇష్టపడి చూపే ఫొటోలను పిల్లల ముందు పెట్టండి. ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు, ఫొటోలో లేనిది ఏమిటి అని పిల్లలచేతే అడిగించండి. అప్పుడే తెలియవలసిన విషయం కూడా చెప్పండి: ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో ఉద్యోగ వీసాపై వెళ్లే కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంటుంది; రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసాపై వెళ్లి అక్కడ పనికి కుదిరినవారికి ఆ రక్షణ ఉండదు.

వెళ్లవద్దని పిల్లలను ఆపడం మన పని కాదు. ఇంటి అవసరం వారిని పంపిస్తుంది. వెళ్లేవారు కళ్లు తెరిచి వెళ్లాలి, మన ఊరికి వచ్చినవారిని మనం కళ్లు తెరిచి చూడాలి. అందుకు కావలసిన కనికరాన్ని ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక.