తలల లెక్క చాలదు, వయసుల లెక్క కావాలి

మా రంగారెడ్డి జిల్లా ఇవాళ రెండు వయసుల జిల్లా. ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల లేచిన కాలనీల్లో, అపార్టుమెంట్లలో ఎక్కువగా ఉండేది పడుచు ఉద్యోగస్తులు, వాళ్ల చిన్న పిల్లలు. అక్కడి నుంచి లోపలికి షాబాద్, యాచారం, మంచాల, మాడ్గుల వైపు పోతే పొలాల్లో కనిపించేది యాభై అయిదు, అరవై దాటిన మనుషులు. పిల్లలు చదువుకుని పట్నం చేరారు. భూమి, బర్రెలు, తల్లిదండ్రులు ఊళ్లో మిగిలారు.

వయసు మారితే అవసరం మారుతుంది. పిల్లలున్న ఇంటికి అంగన్‌వాడీ, బడి, టీకాలు కావాలి. అరవై దాటిన రైతుకు బీపీ, షుగర్ గోలీలు, కంటి ఆపరేషన్, మోకాళ్ల నొప్పులకు వైద్యం, వేళకు పింఛను, వేళకు బస్సు కావాలి. కాలనీవాళ్లకు బడి కట్టొద్దని మేము అనడం లేదు. వాళ్లు అడిగేదీ న్యాయమే. మా గొడవ సర్కారు లెక్కతో. సర్కారు తలలు లెక్కబెడుతుంది గానీ ఆ తల నల్లబడి ఉందా, నెరిసి ఉందా అని చూడదు.

మైదాన ప్రాంతంలో 5 వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, 30 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది కొలత. ఆ 5 వేల మందిలో సగం మంది ముసలివాళ్లయినా అదే కొలత. ఇక జనాభా లెక్కలు చూద్దాం. 2001లో సుమారు 36 లక్షలున్న ఉమ్మడి రంగారెడ్డి జనాభా 2011కు దాదాపు 53 లక్షలయింది. పదేళ్లలో 48 శాతం పెరుగుదల. అందులో ఎక్కువ భాగం పట్నం అంచునే. 2016లో జిల్లాను మూడు ముక్కలు చేశారు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. ఇప్పుడు 2027 ఫిబ్రవరికి పెట్టారు. పట్నంలో స్థిరపడ్డ మా పిల్లలను అక్కడే రాస్తారు. ఊరి జనాభా తగ్గినట్టు కాగితం మీద తేలుతుంది. జనం తగ్గారు కాబట్టి దవాఖాన, బడి, బస్సు అక్కర్లేదంటారు. మిగిలినవాళ్ల అవసరం పెరిగిన సంగతి ఆ కాగితం చెప్పదు.

బస్సు సంగతి చూడండి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు. మంచిదే. కానీ బస్సే రాని ఊరికి ఉచిత ప్రయాణం ఎందుకు? బస్సు వచ్చే ఊళ్లలోనూ అది కాలేజీ పిల్లల వేళకు, ఉద్యోగస్తుల వేళకు వస్తుంది. కూరగాయల మూటలతో మార్కెట్టుకు పోయే రైతుకు తెల్లవారకముందే బస్సు కావాలి. దవాఖానకు పోయే ముసలమ్మకు పొద్దున పదికి పోయి, మధ్యాహ్నం తిరిగొచ్చే బస్సు కావాలి. ఆటోకు పెట్టే డబ్బుతో వారం రోజుల గోలీలు వస్తాయి.

అన్నింటికన్నా పెద్ద అన్యాయం రైతుబీమాలో ఉంది. 2018లో మొదలైన ఈ పథకం 18 నుంచి 59 ఏళ్ల రైతులకే. ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే మంచి పథకం. కానీ అరవైలో పడ్డ రైతు దుక్కి దున్నుతున్నా, పాముకాటుకు, కరెంటు షాకుకు ఎదురు నిలుస్తున్నా బీమాకు మాత్రం రైతు కాడు. అందుకని చాలామంది పట్టా కొడుకు పేరు మీదికి మారుస్తున్నారు. అప్పుడు పాసుపుస్తకం పట్నంలో ఉన్న కొడుకుది, చెమట ఊళ్లో ఉన్న తండ్రిది. పెట్టుబడి సాయం కొడుకు ఖాతాలో పడుతుంది. కేంద్రం 2019లో తెచ్చిన కిసాన్ మాన్‌ధన్ పింఛనులో చేరాలంటే 40 ఏళ్లు దాటకూడదు. అంటే ఆనాటికే నలభై దాటిన మా తరం మొత్తం బయటే. వృద్ధాప్య పింఛనులో 80 ఏళ్లలోపు వారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు.

‘ఈ ముసలాళ్లు ఎన్నాళ్లుంటారు, ఎలాగూ అంతా ప్లాట్లే అవుతుంది’ అనేవాళ్లున్నారు. కాలనీ పిల్లలు తాగే పాలు, తినే ఆకుకూర, టమాట ఎక్కడి నుంచి వస్తున్నాయో వాళ్లు చెప్పాలి. చేవెళ్ల, శంకర్‌పల్లి చుట్టూ కూరగాయలు, పూలు పండించే చేతులు ఈ ముసలి చేతులే. పడుచు కుటుంబాలు పెరిగితే మా పంటకు గిరాకీ పెరగాలి. కానీ రైతుబజారుకు పోయి రోజంతా కూర్చుని అమ్మే ఓపిక అరవై దాటినవాడికి ఉండదు. అందుకే సరుకు దళారి చేతికి పోతోంది. ఊళ్లోకే బండి వచ్చి తూకం వేసి కొనే ఏర్పాటు ఉంటే రెండు వయసుల వాళ్లకూ మేలే. అది లేకపోతే ముసలి రైతు విసిగి భూమి అమ్ముతాడు. ఇంట్లో వయసు పైబడటం కూడా భూమి చేజారడానికి ఒక కారణమని మనం గుర్తించాలి.

కాబట్టి సంఘం గ్రామ కమిటీలు మొదట చేయాల్సిన పని ఒకటుంది. రాబోయే గ్రామసభలోపు ఊరి వయసుల లెక్క రాయాలి. ఆరేళ్లలోపు పిల్లలెందరు, అరవై దాటినవాళ్లెందరు, ఒంటరిగా ఉన్నవాళ్లెందరు, రోజూ గోలీ వేసుకునేవాళ్లెందరు, అరవై దాటి సాగు చేస్తున్నవాళ్లెందరు అని ఇల్లిల్లూ తిరిగి రాయాలి. ఇటుక బట్టీల దగ్గరున్న వలస కూలీల పిల్లలనూ వదలొద్దు. వాళ్లూ మన ఊళ్లోనే ఉన్నారు. ఒక నోటుబుక్కు, ఇద్దరు కుర్రాళ్లు, రెండు ఆదివారాలు చాలు. ఆ లెక్కను గ్రామసభలో తీర్మానం చేయించి మండలాఫీసుకు, కలెక్టరుకు ఇవ్వాలి.

దాని మీద నిలబడి నాలుగు అడగాలి. రైతుబీమాకు 59 ఏళ్ల హద్దు ఎత్తివేయాలి. పల్లె దవాఖానలో బీపీ, షుగర్ మందులు ప్రతి నెలా తప్పకుండా ఇవ్వాలి. బస్సు వేళలు ఊరిని అడిగి పెట్టాలి. ఊరి దగ్గరే కూరగాయలు కొనే కేంద్రం పెట్టాలి. ఉత్త నోటితో అడిగితే ‘చూద్దాం’ అంటారు. లెక్క చేతిలో పెట్టి అడిగితే జవాబు చెప్పక తప్పదు.