ఆపరేషనే కదా అనేస్తే ఎలా?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ ఊళ్లోనైనా అడిగి చూడండి. గర్భసంచి ఆపరేషన్ అయిన ఆడవాళ్లు వీధికి ఒకరైనా ఉంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. కొందరికి ఆపరేషన్ నిజంగానే అవసరమై ఉంటుంది. కానీ తెల్లబట్టకో, నడుం నొప్పికో వెళ్లి, ‘ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటకు హడలిపోయి సంతకం పెట్టినవాళ్లూ తక్కువేం కాదు.

బెదిరించడానికి వాడీ వాడీ ఆ మాట అరిగిపోయింది. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, నిజంగా గర్భసంచి క్యాన్సర్ వచ్చినామె మాట ఎవరి చెవికీ ఎక్కదు. ‘మా వదినకూ తీసేసినారులే, పదిరోజుల్లో లేచి తిరిగింది’ అని ఒకరు తేల్చేస్తారు. రిపోర్టులో క్యాన్సర్ అన్న అక్షరాలు చూసిన ఇంకొకరు అప్పుడే ఏడుపు అందుకుంటారు. ఒకరు జబ్బును లెక్కచేయరు, ఇంకొకరు మనిషి మీద ఆశ వదిలేస్తారు. మధ్యలో ఆమె ఒక్కతే.

ఇంతకీ ఆ జబ్బు సంగతేమిటి? గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ వేరు, సంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్ వేరు. పాప్‌స్మియర్ పరీక్ష ప్రధానంగా మొదటిదాని కోసం. అది బాగుందని వస్తే రెండోది కూడా లేదని కాదు. లోపలి పొర క్యాన్సర్ ఎక్కువగా ముట్టు ఆగిపోయిన వయసులో వస్తుంది. ఒళ్లు బరువున్నవారికి, షుగర్ ఉన్నవారికి ముప్పు ఎక్కువ. అయితే దీనికో మంచి గుణం ఉంది. చాలామందిలో తొందరగానే బయటపడుతుంది. ముట్టు ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ ఎర్రబట్ట కనిపిస్తే, అది ఒక్క చుక్కే అయినా డాక్టరుకు చూపించుకోవాలి. ‘వేడి చేసిందిలే’ అని మజ్జిగ తాగి ఊరుకోకూడదు. అలా కనిపించిన పదిమందిలో సుమారు తొమ్మిది మందికి క్యాన్సర్ ఉండదు. ఆ పదో మనిషి తనే అవునో కాదో తెలియాలంటే ముందు స్కానింగ్‌లో పొర మందం చూస్తారు, అనుమానముంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్ అని ఖాయం చేసేది ఆ బయాప్సీ కాగితమే. అది లేకుండా ఎవరైనా క్యాన్సర్ పేరెత్తి సంచి తీసేద్దామంటే, కాగితం ఏదని అడిగే హక్కు ప్రతి ఆడమనిషికీ ఉంది.

జబ్బు సంచి దాటకుండా ఉంటే మొదటి దశ. సాధారణంగా గర్భసంచితోపాటు అండాశయాలు, ట్యూబులు కూడా తీసేస్తారు. తీసినదాన్ని మళ్లీ పరీక్షించి రేడియేషన్ కావాలో వద్దో చెబుతారు. చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. అమెరికా లెక్కల్లో జబ్బు సంచి దాటనివారిలో నూటికి 95 మంది దాకా అయిదేళ్ల తర్వాతా క్షేమంగా ఉంటున్నారు. ఖర్చు సంగతంటారా, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో అర్హులకు క్యాన్సర్ వైద్యం ఉచితం. ఆస్పత్రిలో ఆ పథకం సిబ్బందిని కలిస్తే ఏ కాగితాలు కావాలో చెబుతారు.

అయితే డాక్టరు 95 అన్నప్పుడు ఆమెకు వినపడేది మిగతా అయిదే. ఆళ్లగడ్డ పక్క పల్లెలోని ఓ యాభై అయిదేళ్ల ఆమెనే తీసుకుందాం. 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లి నంద్యాలలో స్కానింగ్ చేయించుకుంది. నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైంది, మరుసటి ఏడాది ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. కానీ క్యాన్సర్ అనేసరికి కర్నూలో, తిరుపతో, హైదరాబాదో అంటారు. ఎప్పుడూ ఒంటరిగా ఊరు దాటని మనిషికి ఆ ప్రయాణమే సగం జబ్బు. పైగా ఇంట్లో ‘బయట ఎవరికీ చెప్పొద్దు’ అన్న కట్టడి. కూతురి సంబంధం చెడుతుందని భయం. (ఈ క్యాన్సర్ వంశంలో వచ్చేది కొద్దిమందికే. దగ్గరి బంధువుల్లో పలువురికి గర్భసంచి, పెద్దపేగు క్యాన్సర్లు ఉంటే డాక్టరుకు చెప్పాలి. అంటుకునే జబ్బు మాత్రం కానే కాదు. కంచం, గ్లాసు వేరు పెట్టడం వట్టి అజ్ఞానం.)

ఇలాంటప్పుడు ఆమెకు కావాల్సింది ఓదార్చే మనిషి కన్నా, ఆ దారిన వెళ్లివచ్చిన మనిషి. డాక్టరును అడగడానికి నోరు రాని ప్రశ్నలుంటాయి. బిందె ఎప్పుడు ఎత్తొచ్చు? మొగుడితో కాపురం మళ్లీ ఎప్పుడు? ఒళ్లంతా ఆవిర్లు రావడం మామూలేనా? బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఆ రాత్రులు ఎలా గడిపావక్కా? మామూలు గర్భసంచి ఆపరేషన్ అయిన వదిన వీటిలో కొన్నిటికి జవాబు చెప్పగలదు. చివరి ప్రశ్నకు మాత్రం చెప్పలేదు. ఆమె రిపోర్టు కోసం కాచుకోలేదు, ఏళ్లతరబడి చెకప్‌లకు తిరగలేదు. ‘నాకూ ఇదే, మూడేళ్లయింది, నిన్న పొలం పోయొచ్చినా’ అని ఒక్కరు అంటే చాలు, ఆ నూటికి 95లో ఒకరు ఎదురుగా కనిపించినట్టే.

ఇది కొత్త ఆలోచనేం కాదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన టెరీస్ లాసర్ అనే ఆమె 1952లో న్యూయార్క్‌లో, తనలాగే ఆపరేషన్ అయినవారి మంచాల దగ్గరికి వెళ్లి మాట్లాడటం మొదలుపెట్టారు. అదే ‘రీచ్ టు రికవరీ’గా ఎన్నో దేశాలకు పాకింది. అంతదూరం ఎందుకు, నంద్యాల నుంచి కర్నూలు వెళ్లే దారిలోనే ఉంది ఓర్వకల్లు. గడప దాటని ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో చాపల మీద కూర్చుని తమ అప్పులు, కష్టాలు పైకి చెప్పుకోవడం నేర్చుకున్న చోటు. అప్పు గురించి పదిమందిలో చెప్పగలిగినవాళ్లు ఒంటి గురించి ఒకరికి చెప్పుకోలేరా? సభ పెట్టనక్కర్లేదు. ఇద్దరుంటే చాలు.

ఆ రెండోమనిషిని వెతకడం పెద్ద పనేం కాదు. ఆపరేషన్ చేసే డాక్టరునో, వార్డులో నర్సునో ‘ఇదే ఆపరేషన్ అయినవాళ్లతో ఒకసారి మాట్లాడించండి’ అని అడగాలి. వాళ్లు ఆ రెండోమనిషి ఒప్పుకున్నాకే నంబరు ఇస్తారు. ఊళ్లో పేరు బయటికి రాదు. ఊరి ఆశా కార్యకర్తకూ ఇలాంటి సంగతులు తెలిసే ఉంటాయి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ‘నాకు రేడియేషన్ వద్దన్నారు, నీకెందుకు’ లాంటి సలహా వినకూడదు, ఇవ్వకూడదు. ఒకరి దశ, ఒకరి రిపోర్టు ఇంకొకరివి కావు. దిగులు మరీ ఎక్కువై నిద్ర, తిండి పోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. పైసా ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంట్లో మగవాళ్లు చేయాల్సింది కూడా ఉంది. ఆ ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చోకుండా కాసేపు అరుగు మీదికి వెళ్లడం. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు, డాక్టరు సరేననేదాకా, నీళ్లబిందె తామే ఎత్తడం.

మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చెకప్ ఉంటుంది. మధ్యలో మళ్లీ ఎర్రబట్ట కనిపిస్తే ఆ తేదీ దాకా ఆగకుండా వెళ్లాలి. ఇద్దరిదీ ఒకే ఆస్పత్రి అయితే తేదీలు ఒకే రోజున వేయమని అడిగి చూడొచ్చు. ఆళ్లగడ్డలో ఎక్కినామె నంద్యాలలో ఎక్కేఆమె కోసం పక్కసీట్లో సంచి పెట్టి ఉంచుతుంది.