మీ ప్రాజెక్టును బీరువాలో పెట్టి తాళం వేయకండి

బీటెక్ ఫైనలియర్‌లో మా బ్యాచ్ నలుగురం టమాటా ఆకు ఫొటో చూసి తెగులు పేరు చెప్పే ప్రాజెక్టు చేశాం. రిపోర్టుకి బంగారు అక్షరాల బైండింగ్ చేయించాం, వెనక సీడీ అతికించాం, డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేసి చేతులు దులుపుకున్నాం. లోపల 'కచ్చితత్వం 97 శాతం' అని గర్వంగా రాసుకున్నాం కూడా.

కొన్ని నెలల తర్వాత ఒక ఇంటర్వ్యూలో మేడమ్ అడిగింది ఒక్కటే. 'ఆ 97 శాతం ఏ ఫొటోల మీద వచ్చింది? ఇప్పుడు నడిపి చూపించగలవా?' నాకు నోట మాట రాలేదు. కోడ్ ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఉండేది, వాడు దాన్ని అప్పటికే అమ్మేశాడు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. రాకపోవడమే న్యాయం అనిపిస్తుంది ఇప్పుడు.

మేం వాడిన ఫొటోలు 'ప్లాంట్‌విలేజ్' అనే ఉచిత డేటాసెట్‌వి. ఆకు తెగుళ్ల ప్రాజెక్టు చేసినవాళ్లలో చాలామందికి అది తెలిసే ఉంటుంది. 14 పంటలు, 26 తెగుళ్లు, 54 వేలకు పైగా ఫొటోలు. 2016లో దాని మీద వచ్చిన పరిశోధన పత్రంలో కచ్చితత్వం 99.35 శాతం. అయితే అదే పత్రంలో ఇంకో సంఖ్య కూడా ఉంది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలతో పరీక్షిస్తే అది సుమారు 31 శాతానికి పడిపోయింది. ఆ మాట రాసింది విమర్శకులు కాదు, మోడల్ తయారుచేసినవాళ్లే. మా 97 కూడా అలాంటి ఫొటోల మీద వచ్చిందే. పొలంలోకి వెళ్లి పరీక్షించలేదు, ఆ మాట రిపోర్టులో రాయనూలేదు.

ఓపెన్ సైన్స్ అంటే ఇదే. డేటా, కోడ్, చేసిన పద్ధతి, ఫలించని ప్రయత్నాలు కూడా ఇతరులు సరిచూసుకునేలా బయటపెట్టడం. 2021లో యునెస్కో సభ్యదేశాలు దీనిపై ఒక సిఫార్సును ఆమోదించాయి. అవసరం ఎంతుందో ఒక సర్వే చూస్తే తెలుస్తుంది. 2016లో 'నేచర్' పత్రిక 1,576 మంది పరిశోధకులను అడిగితే, ఇతరుల ప్రయోగాన్ని మళ్లీ చేయబోయి విఫలమయ్యామని 70 శాతానికి పైగా చెప్పారు.

మన దగ్గర మంచి ఉదాహరణ లేదా అంటే, ఉంది. ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్ భాగస్వామ్యంతో వచ్చిన 'ఇండియన్ డ్రైవింగ్ డేటాసెట్' చూడండి. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో, శివార్లలో తీసిన 10 వేల చిత్రాలు అందులో ఉన్నాయి. ఆటోలు, రోడ్డు మీద పశువులు, లేన్ లేని దారులు అన్నీ ఉంటాయి. విదేశీ రోడ్ల డేటాలో ఇవి ఎక్కడ దొరుకుతాయి? దాన్ని దాచుకోలేదు కాబట్టే ఇంకో కాలేజీలో మీరు కూడా దానిపై పనిచేయొచ్చు.

'పెడితే కాపీ కొడతారు కదన్నా' అని జూనియర్లు నన్ను అడుగుతుంటారు. కొట్టనివ్వండి. తేదీతో సహా మీ పేరు మీద ముందే ఉంది కదా! అసలు కాపీలు ఎక్కువయ్యేది చీకట్లోనే. ఏటా ఒకే రిపోర్టు పేర్లు మారి మళ్లీ సబ్మిట్ అవుతోందంటే, పాతది ఎవరికీ కనిపించకపోవడమే కారణం.

అలాగని అన్నీ బయటపెట్టమని కాదు. రోగుల వివరాలు, వ్యక్తిగత సమాచారం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పేటెంట్ ఆలోచన ఉంటే ముందు దరఖాస్తు, తర్వాతే ప్రచురణ. గైడ్ అనుమతి, బ్యాచ్‌మేట్స్ ఒప్పుకోలు తప్పనిసరి.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మొదటి రోజు నుంచే కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి. ఎలా నడపాలో, డేటా ఎక్కడిదో, ఎక్కడ ఫెయిలైందో రీడ్‌మీలో ఒక పేజీ రాయండి. ఎంఐటీ లాంటి లైసెన్స్ జత చేయండి. చివరి వెర్షన్‌ను సెర్న్ నడిపే జెనోడోలో ఉచితంగా దాచితే డీఓఐ నంబరు వస్తుంది, దాన్ని రెజ్యూమెలో వేసుకోవచ్చు. డబ్బు కడితే చాలు, రెండ్రోజుల్లో అచ్చేసే జర్నల్ సర్టిఫికెట్ కంటే ఇది నయం.

లెక్చరర్లకూ ఒక విన్నపం. వైవాలో స్లైడ్లు చూసి మార్కులు వేయకండి సార్. వేరే బ్యాచ్ పిల్లల చేత ఆ కోడ్ నడిపించి చూడండి. నడిస్తేనే మార్కులు. ఒక్క సెమిస్టర్ ఇలా చేస్తే, కొనుక్కొచ్చిన ప్రాజెక్టులు ఎన్నో మీకే తెలిసిపోతుంది.

ఇక మీ విషయం. ఈ రాత్రి మీ ప్రాజెక్టు ఫోల్డర్‌ను వేరే ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి నడిపి చూడండి. నడవకపోతే కంగారు పడొద్దు, ఇంకా టైముంది. ఇంటర్వ్యూలో తెలియడం కంటే ఇప్పుడు తెలియడమే మంచిది.