‘పోస్ట్’ అంటే ‘అనంతరం’ మాత్రమేనా?

ఆంగ్ల విమర్శ పరిభాషలోని ‘పోస్ట్’ అనే ఉపసర్గకు తెలుగు పరిశోధన ‘అనంతర’ శబ్దాన్ని స్థిరపరచుకొని నిశ్చింతగా ఉంది. లాటిన్‌లో దాని అర్థం ‘తరువాత’ అన్నది నిజమే. యుద్ధం, మరణం వంటి ఘటనల విషయంలో ఆ అర్థానికి లోటు లేదు. సిద్ధాంత పదాల దగ్గర మాత్రం అదే అనువాదం పరిశోధన పరిధినే కుదించివేస్తున్నది.

‘పోస్ట్ కలోనియల్’ అన్న మాటను యాష్‌క్రాఫ్ట్, గ్రిఫిత్స్, టిఫిన్‌లు 1989 నాటి ‘ది ఎంపైర్ రైట్స్ బ్యాక్’ గ్రంథంలో, వలసపాలన మొదలైన క్షణం నుండి నేటివరకు దాని ప్రభావానికి లోనైన సంస్కృతి అంతటికీ వర్తింపజేశారు. ‘వలసానంతర సాహిత్యం’ అన్న తెలుగు పేరు 1947 దగ్గర గీత గీస్తుంది. ఆ గీతను నమ్మితే 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ చర్చకే రాదు. గిరీశం నోట ఇంగ్లీషు చలామణీ అయ్యే తీరును మించి ఆ సిద్ధాంతానికి తగిన లక్ష్యం ఏముంటుంది?

‘అనంతర’ శబ్దానికి ‘అంతరం లేనిది’ అన్న వ్యుత్పత్తిని చూపి దానిని సమర్థించవచ్చు. కాని భోజనానంతరం అన్నప్పుడు ఎవరూ ఆ అర్థం తీయరు. ‘ఉత్తర’ శబ్దమే మేలు. అయితే ఆంగ్లంలో ముందున్నది గదా అని తెలుగులోనూ ముందు చేర్చరాదు. ‘ఉత్తరార్ధం’లో అది ‘మలి’ అన్న అర్థంతో ఆగిపోతుంది. ‘లోకోత్తరం’లో అతిక్రమణను సూచిస్తుంది. లోకోత్తరుడు లోకంలో ఉంటూనే లోకాన్ని మించినవాడు. ‘వలసవాదోత్తరం’ కూడా వలసవాదం లోపలి నుండే దానిని ఎదిరించిన రచనను చెప్పగలదు. 1947 తరువాతి రచనలకే పరిమితమైన పరిశోధనకు ‘స్వాతంత్ర్యానంతర’ అన్న పాత పేరు ఎలాగూ ఉంది.